టెక్ సందేహాలు: ఏటి అవతలి దుకాణానికి రాత్రిపూట దారి ఎందుకు ఇరుకవుతోంది?

సందేహం: మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నంలో మా బట్టల దుకాణం ఉంది. రెండు చోట్లా వేర్వేరు కంపెనీల ఫైబర్ కనెక్షన్లు, రెండూ 100 ఎంబీపీఎస్ ప్లాన్లే. కెమెరాలు ఇంటి నుంచి చూసుకోవడానికి దుకాణం కనెక్షన్‌కు స్టాటిక్ ఐపీ (ఎప్పటికీ మారని ఇంటర్నెట్ చిరునామా) తీసుకున్నాం. పగలు బొమ్మ చక్కగా వస్తుంది, రాత్రి ఎనిమిది దాటితే ఆగి ఆగి వస్తుంది. అదే సమయంలో యూట్యూబ్‌కు ఇబ్బంది లేదు, స్పీడ్ టెస్ట్‌లోనూ పూర్తి వేగం చూపిస్తోంది. మీరు అడిగినట్లు పగలూ రాత్రీ తీసిన ట్రేసర్ట్ ఫలితాలు పంపుతున్నాను. లోపం ఎవరిది? – ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: మీ ఇంటి తీగలోనూ దుకాణం తీగలోనూ లోపం కనిపించడం లేదు; ఆ రెండు కంపెనీల నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి కలిసే చోట దారి ఇరుకైంది. మీరు పంపిన ఫలితాల్లోనే దానికి సాక్ష్యం ఉంది. ట్రేసర్ట్ అంటే డేటా ఏయే రౌటర్ల మీదుగా వెళుతోందో చూపే కంప్యూటర్ ఆదేశం; ఒక్కో వరుస దారిలోని ఒక్కో రౌటర్, పక్కనున్న అంకె అక్కడికి వెళ్లి రావడానికి పట్టిన సమయం. పగటి ఫలితంలో మొదటి వరుస మీ ఇంటి రౌటర్, 1 మిల్లీసెకను. అయిదో వరుసలోని పేరులో సీసీయూ అనే అక్షరాలున్నాయి. అది కోల్‌కతా విమానాశ్రయ సంకేతం; రౌటర్లకు ఇలా విమానాశ్రయాల సంకేతాలు తగిలించడం నెట్‌వర్క్ ఇంజనీర్ల పాత అలవాటు. ఏడో వరుసలోని ఎంఏఏ చెన్నై. అక్కడికి 46 మిల్లీసెకన్లు. ఎనిమిదో వరుసలో కంపెనీ పేరు మారింది, అక్కడి నుంచి హైదరాబాదు మీదుగా పాతపట్నం చేరేసరికి 70 అయింది. రాత్రి ఫలితంలో ఏడో వరుస దాకా అంకెలు ఇంచుమించు అవే; ఎనిమిదో వరుసలో మాత్రం ఒక్కసారిగా 190కి ఎగబాకి, చివరి వరుస దాకా మళ్లీ దిగలేదు. ఒక్క మధ్య వరుసలో అంకె పెరిగి ఆ తరువాత తగ్గిపోతే దాన్ని పట్టించుకోనక్కరలేదు, ఎందుకంటే రౌటర్లు ఇలాంటి ప్రశ్నలకు తీరిక దొరికినప్పుడే బదులిస్తాయి. అంకెకు బదులు కనిపించే నక్షత్రం గుర్తులు కూడా చాలాసార్లు బదులివ్వకూడదన్న అమరికే తప్ప లోపం కాదు. పెరిగిన అంకె చివరిదాకా నిలిచినప్పుడే అనుమానించాలి.

ఏరు దాటి వెళ్లే దుకాణానికి కోల్‌కతా, చెన్నై, హైదరాబాదు చుట్టి రావడం ఏమిటని మీకు అనిపించడం సహజం. గేజ్ మార్చక మునుపు పర్లాకిమిడి చిన్న రైలెక్కిన వారు విశాఖకు వెళ్లాలన్నా, బరంపురానికి వెళ్లాలన్నా నౌపడలో దిగి పెద్ద బండి అందుకోవలసి వచ్చేది. ఇంటర్నెట్ కంపెనీల సంగతీ అంతే: వాటి తీగలు ఒకే వీధిలో, ఒకే స్తంభం మీద పక్కపక్కనే వేలాడుతున్నా, ఒకదాని డేటా రెండోదానికి అందేది ఆ రెండూ ఒప్పందం చేసుకుని కలిసిన ఊళ్లోనే. ఆ ఊరు సాధారణంగా పెద్ద నగరమే అవుతుంది. అయితే ఈ దూరం మీ బాధకు అసలు కారణం కాదు. ఫైబరులో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది కనుక, 3,000 కిలోమీటర్ల చుట్టుదారి అయినా ఒకవైపు ప్రయాణానికి 15 మిల్లీసెకన్లే పడుతుంది. దానికి కెమెరా బొమ్మ ఆగదు. రాత్రి వేళ అందరూ ఒకేసారి వాడుతున్నప్పుడు, కలిసే చోట ఉన్న పోర్టు (ఒక కంపెనీ తీగ రెండోదానికి తగిలే ద్వారం) సామర్థ్యం చాలక డేటా వరుసలో నిలబడుతుంది, కొంత జారిపోతుంది. అదీ అసలు సంగతి.

కంపెనీలు రెండు విధాలుగా కలుస్తాయి. చిన్న కంపెనీ పెద్ద కంపెనీకి డబ్బు కట్టి, ప్రపంచంలో ఎక్కడికైనా తన డేటాను మోయించుకోవడం ట్రాన్సిట్. ఇద్దరూ సమఉజ్జీలమనుకుని, తమ తమ ఖాతాదారుల మధ్య నడిచే డేటాను నేరుగా ఇచ్చిపుచ్చుకోవడం పీరింగ్. ఇది చాలావరకు కుండమార్పు సంబంధం లాంటిది, కట్నాల ప్రసక్తి ఉండదు. కానీ ఇందులో వియ్యంకుడి వియ్యంకుడు మనకు వియ్యంకుడు కాడు: పీరింగ్ చేసుకున్న కంపెనీ తన ఖాతాదారుల దాకానే చేరుస్తుంది, మూడో కంపెనీకి దాటించదు. బీజీపీ అనే పద్ధతిలో రౌటర్లు దారి ఎంచుకునేటప్పుడు కిలోమీటర్లు చూడవు. మామూలుగా డబ్బు తెచ్చే ఖాతాదారుడి దారికి మొదటి పీట, ఖర్చులేని పీరింగ్‌కు రెండోది, డబ్బు కట్టాల్సిన ట్రాన్సిట్‌కు చివరిది వేస్తాయి.

దేశంలోని కంపెనీలు ఒకే చోట కలవడానికి 2003లో నిక్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. అంతకు ముందు మన దేశంలోని ఇద్దరి మధ్య డేటా కూడా తరచు విదేశాలకు వెళ్లి తిరిగి వచ్చేది. అయితే దగ్గరి నగరంలో ఇలా కంపెనీలు కలిసే కేంద్రం, అంటే ఎక్స్ఛేంజ్, ఉన్నంత మాత్రాన సరిపోదు; మీ రెండు కంపెనీలూ అక్కడ పోర్టు తీసుకోవాలి, రద్దీ పెరిగినప్పుడు దాన్ని పెంచుకోవాలి. ఆ ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గరే తగాదా వస్తుంది. 2005 అక్టోబరులో అమెరికాలో లెవెల్ త్రీ కంపెనీ కోజెంట్‌తో పీరింగ్ తెంచుకున్నప్పుడు, ఆ రెండింటిలో ఒక్కదాని మీదే ఆధారపడిన వారు కొన్ని రోజులు ఒకరినొకరు చేరుకోలేకపోయారు.

యూట్యూబ్ బాగా రావడానికి కారణం, గూగుల్ తన వీడియోల నకళ్లు ఉంచే సర్వర్లను చాలా కంపెనీల నెట్‌వర్కుల లోపలే పెట్టడం. స్పీడ్ టెస్ట్ కూడా తరచు మీ కంపెనీ సొంత సర్వరునే ఎంచుకుంటుంది కాబట్టి గడప దాటిన తరువాత ఏముందో చెప్పదు. పరీక్షకు వేరే ఊరి, వేరే కంపెనీ సర్వరును మీరే ఎంచుకోండి.

ఇక చేయవలసింది. ట్రేసర్ట్ వరుసలు ఇంటి నుంచి దుకాణానికి వెళ్లే దారినే చూపుతాయి. బొమ్మ వచ్చే ఎదురు దారి వేరుగా ఉండవచ్చు, మిల్లీసెకన్లేమో రానూపోనూ కలిపిన లెక్క. కాబట్టి దుకాణం కంప్యూటరు నుంచీ రాత్రి ఒకటి తీయండి. దుకాణం కంపెనీదే సిమ్ మీ వద్ద ఉంటే, అదే సమయంలో దాని మొబైల్ డేటాతో కెమెరా చూడండి. బొమ్మ సాఫీగా వస్తే నా అనుమానం బలపడుతుంది. అప్పుడు ఆ ఫలితాలను తేదీ, సమయంతో రెండు కంపెనీలకూ పంపి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. "నెట్ స్లో" అంటే రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ వేయమంటారు. "ఫలానా కంపెనీతో కలిసే పోర్టు రాత్రి నిండిపోతోంది" అంటే ఫిర్యాదు పై అంచెకు చేరే అవకాశం ఉంది. అంతవరకు కెమెరా యాప్‌లో మెయిన్ స్ట్రీమ్ బదులు సబ్ స్ట్రీమ్ (తక్కువ డేటాతో వచ్చే, స్పష్టత తగ్గిన బొమ్మ) పెట్టుకోండి. ఇంటికీ దుకాణానికీ ఒకే కంపెనీ కనెక్షన్ దొరికితే అంతకన్నా సులువైన మార్గం లేదు.

సందేహం: వీపీఎన్ (మన డేటాను మరో సర్వరు మీదుగా పంపే సేవ) పెట్టాక గేమ్‌లో పింగ్ (గేమ్ సర్వరుకు డేటా వెళ్లి రావడానికి పట్టే సమయం) తగ్గిందని మిత్రుడు అంటున్నాడు. సాధ్యమేనా? – ఒక విద్యార్థి, జయపురం

జవాబు: సాధ్యమే. పై జవాబులో చెప్పిన నిండిన పోర్టును తప్పించి, వీపీఎన్ సర్వరు మరో దారిన తీసుకువెళితే పింగ్ తగ్గుతుంది. మామూలు రోజున అదే వీపీఎన్ దారిని పొడిగించి పింగ్ పెంచుతుంది. డబ్బు కట్టే ముందు ఉచిత గడువులో రాత్రిపూటే పరీక్షించండి.