80 ఎకరాల్లో కౌజులు నిలవాలంటే ఏం చేయాలి: నా పొరపాట్లతో సహా

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో 80 ఎకరాలు కొన్నారు, ఒకప్పుడు ఆ పొలంలో బాబ్‌వైట్ అనే ఇక్కడి కౌజులు, ఫెజెంట్లు (కోడి జాతికి చెందిన పొడవు తోక పక్షులు) బాగా ఉండేవని, తుపాకీయే పట్టని పాత ఓనరు చెప్పాడు, ఇప్పుడు ఒక్కటీ కనపడట్లేదు. పెంపకం పక్షుల్ని కొని వదలాలా, లేక వేట పూర్తిగా ఆపేస్తే చాలా అని. పైగా వేటాడేవాళ్ళే పక్షుల్ని కాపాడుతున్నామని చెప్పుకోవడం చూస్తే నవ్వొస్తుంది అన్నారు. నేను వేటాడతాను, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. దాన్ని బట్టి నా మాటకి ఎంత విలువ ఇవ్వాలో మీరే చూసుకోండి.

మొదటి ప్రశ్నకి జవాబు చిన్నది. కొనకండి. నేను కొన్నాను. 2016లో ఫ్రెండూ నేనూ కలిసి 60 ఎకరాలు తీసుకుని, ఆ సెప్టెంబరులోనే వంద కౌజుల్ని తెచ్చి వదిలాం. మూడో రోజుకే కంచె వెంట ఈకలు. రెండు వారాలు తిరిగేసరికి ఒక్క కూత కూడా లేదు. పెంపకపు పక్షికి పైన డేగ నీడ కదిలితే ఏం చేయాలో తెలియదు, తల్లి నేర్పలేదు కదా, మనిషి అలికిడి వింటే దాణా వస్తోందనుకుని దగ్గరికి వస్తుంది. అది సరే, అవి బతకడానికి ఆ పొలంలో చోటు ఉండి ఉంటే మేం వదలకముందే అడవి కౌజులు అక్కడ ఉండేవి కదా అన్న ఆలోచన డబ్బు పోయాకే వచ్చింది మాకు.

ఆ చోటు ఎందుకు లేదో ఒక ముసలి రైతు చూపించాడు, పక్క పొలం ఆయన. మా పొలం నిండా ఉన్న బ్రోమ్ గడ్డిలో (బయటి నుంచి తెచ్చిన మేత గడ్డి) బోర్లా పడుకోమన్నాడు. మొదట నవ్వుకున్నాం గానీ పడుకున్నాం. నిలబడి చూస్తే పచ్చగా, ఒత్తుగా, కళ్ళకి ఇంపుగా ఉన్న గడ్డి కింద నుంచి చూస్తే చాపలా అల్లుకుపోయి ఉంది, వేలు దూర్చే సందు లేదు. గుడ్డు నుంచి అప్పుడే బయటికి వచ్చిన కౌజు పిల్ల ఆరేడు గ్రాములు ఉంటుంది, సైజులో తుమ్మెదంత. అది పుట్టిన రోజే తల్లి వెంట నడవాలి, మొదటి కొన్ని వారాలు దాని తిండి దాదాపుగా పురుగులే. బ్రోమ్, ఫెస్క్యూ లాంటి గడ్డి చాపలో అది నడవలేదు, అక్కడ పురుగులూ తక్కువే. దానికి కావలసింది పైన గొడుగులా ఆకులు, కింద మట్టి కనపడే నేల. అంటే మనం కలుపు అని తిట్టుకునే రాగ్‌వీడ్, అడవి పొద్దుతిరుగుడు లాంటివి. లిటిల్ బ్లూస్టెమ్ లాంటి ఇక్కడి సొంత గడ్డి దుబ్బులు దుబ్బులుగా పెరుగుతుంది, దుబ్బుకీ దుబ్బుకీ మధ్య ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీయే పిల్లలకి దారి. నీట్‌గా కోసిన పొలం అంటే మనకి మహా ఇష్టం, ఆ అలవాటు మానుకోవడమే నాకు అన్నిటికంటే కష్టమైంది, నిజంగా.

తర్వాత మేం చేసిందేంటంటే, అక్టోబరు చివర్లో మంచు పడి సొంత గడ్డి ఎండిపోయాక బ్రోమ్ ఇంకా పచ్చగా ఉంటుంది, అప్పుడు గ్లైఫోసేట్ అనే గడ్డి మందు కొట్టాం, నిద్రలో ఉన్న గడ్డికి ఏం కాదు, పచ్చగా ఉన్నదే పోతుంది. గడ్డిలోకి చొరబడిన రెడ్‌సీడార్ చెట్లని రెండు చలికాలాలు రంపంతో కోశాం. ఇది ఇక్కడి చెట్టే, బయటిదేం కాదు, కానీ ఒకప్పుడు ఈ గడ్డిని తరచూ కాల్చే నిప్పు ఆగిపోయిన దగ్గర్నుంచి గడ్డి మైదానాన్ని మింగేస్తోంది, పైగా డేగలకీ గుడ్లగూబలకీ కూర్చునే కొమ్మ ఇస్తుంది. మంచి విషయం ఏంటంటే కింది పచ్చ కొమ్మకంటే కిందకి కోస్తే మళ్ళీ చిగురించదు. నడుం పోతుంది గానీ పని ఒక్కసారే.

పేరుకున్న పాత గడ్డి పోయి నేల తెరుచుకోవాలంటే అప్పుడప్పుడూ కాల్చాలి. ఆ నిప్పు దగ్గర ఇంకో తప్పు చేశాం. 2018 వసంతంలో ఉత్సాహం కొద్దీ పొలం మొత్తం ఒకేసారి తగలబెట్టాం. అనుభవం ఉన్నవాళ్ళు పక్కనే ఉన్నారు, చుట్టూ గడ్డి కోసి నిప్పు దాటని పట్టీ వేసుకున్నాం, గాలీ తేమా చూసుకున్నాం, కౌంటీకి ఫోన్ చేసి చెప్పాం, ఆ విషయంలో ఏ లోటూ లేదు. కానీ కాలిన తర్వాత 60 ఎకరాల్లో ఒక్క పక్షి దాక్కునే పాత గడ్డి మిగల్లేదు, పెట్ట గూడు కట్టుకోవడానికి కావలసింది ఆ నిరుటి గడ్డే. అప్పటి నుంచి ఏటా మూడో వంతు మాత్రమే కాలుస్తున్నాం. ఈ ఏడు కాలింది పిల్లలు తిరగడానికి, నిరుడు కాలింది గూళ్ళకి, అంతకు ముందుది చలికాలంలో దాక్కోవడానికి, ఇలా వంతులవారీగా తిరుగుతూ ఉంటుంది. ఒక్కరే మాత్రం ఎప్పుడూ నిప్పు పెట్టకండి, ఎంత చిన్న ముక్కయినా సరే.

కౌజులకి పొదలు తప్పనిసరి, ఫెజెంట్లకి అంత కాదు. మాకు శాండ్‌హిల్ ప్లమ్ పొదలు రెండు చోట్ల ముందే ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. లేని చోట అంచున ఉన్న చెట్లని నరికి అక్కడే పడేసి వదిలేశాం, ఆ కొమ్మల కింద నుంచి పొదలు లేస్తాయి. కౌజు ఎగిరి ఎంతో దూరం పోదు, పొద నుంచి పొదకి ఒక్క ఎగురులో చేరేలా ఉండాలి. ఫెజెంట్ల విషయానికి వస్తే, మీ కౌలు రైతు గోధుమ వేస్తుంటే కోత కాస్త ఎత్తుగా కోయమని అడగండి, ఎత్తుగా నిలిచిన గోధుమ మోళ్ళు పడమర కాన్సస్‌లో వాటికి ఇల్లు లాంటివి. గింజల కోసం ప్రత్యేకంగా ఫుడ్ ప్లాట్ వేయమని చాలామంది చెబుతారు, నా దృష్టిలో గడ్డి బాగుపడేదాకా అది దండగ.

ఫలితం వెంటనే రాలేదు. అక్టోబరులో తెల్లవారడానికి అరగంట ముందు కౌజు గుంపులు కోయ్-లీ, కోయ్-లీ అని ఒకదానికొకటి కూత వేసుకుంటాయి, మా లెక్కంతా ఆ కూతలతోనే. 2017లో సున్నా. 2019లో రెండు గుంపులు, బహుశా పక్క పొలం నుంచి వచ్చినవే. 2021కి ఐదు. ఆ మరుసటి ఏడాది కరువుకి మళ్ళీ రెండుకి పడిపోయింది, నాకు టెన్షన్ పట్టుకుంది గానీ ఆ రైతు మాత్రం తాపీగా 2012 కరువు ఇంతకంటే ఘోరం, గడ్డి ఉంటే అవే లేస్తాయి అన్నాడు. లేచాయి కూడా, రెండేళ్ళు పట్టింది.

ఇప్పుడు వేట సంగతి. ఫెజెంట్లలో పుంజుల్నే కొట్టనిస్తారు, కాన్సస్‌లో రోజుకి నాలుగు. ఒక పుంజు చాలా పెట్టలతో జతకడుతుంది కాబట్టి కొన్ని పుంజులు పోయినా వచ్చే ఏటి పిల్లల సంఖ్య పెద్దగా మారదు, పెట్టా గూడూ పోతేనే మారుతుంది. కౌజుల లెక్క వేరు. వేట ఉన్నా లేకపోయినా ఏటా పదింటిలో ఏడెనిమిది చస్తాయి, అయినా అందుకని ఎంతైనా కొట్టొచ్చు అనేవాళ్ళతో నేను ఒప్పుకోను, సీజన్ చివర్లో కొట్టిన పక్షి చలికాలం దాటి గుడ్లు పెట్టబోయే పక్షి. మా పొలంలో గుంపులో ఎనిమిదికి తగ్గితే ముట్టుకోం, మధ్యాహ్నం మూడు దాటితే కౌజుల జోలికి పోం, ఎందుకంటే చీకటి పడేలోపు చెదిరిన గుంపు కలుసుకుని, తోకలు లోపలికి తలలు బయటికి పెట్టి గుండ్రంగా ఒద్దికగా కూర్చోవాలి, లేదంటే ఆ చలికి నిలవలేవు. మీరు వేట ఆపాలనుకుంటే హాయిగా ఆపండి, తప్పేం లేదు. కానీ బ్రోమ్ అలాగే ఉంచి వేట ఒక్కటే ఆపితే ఏమీ రాదు, మీకు ముందున్న ఓనరు తుపాకీయే పట్టేవాడు కాదని మీరే రాశారు కదా.

మిమ్మల్ని నవ్వించిన మాట సగం నిజం. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం పొడవు తుపాకుల మీదా తూటాల మీదా 11 శాతం పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి వెళ్తుంది, వేట లైసెన్సు డబ్బు ఇంకో పనికి మళ్ళించకూడదని కూడా అందులోనే ఉంది. అది చాలా పెద్ద విషయం. అయితే ఆ పన్ను కట్టేవాళ్ళలో వేట ముఖం చూడనివాళ్ళు, ఆత్మరక్షణకో గురి ప్రాక్టీసుకో కొనేవాళ్ళు బోలెడంతమంది, ఆ క్రెడిట్ మొత్తం మేమే కొట్టేయడం సరికాదు. ఇంకోటి, ఫెజెంట్ చైనా నుంచి 1880ల్లో ఆరెగాన్‌కి తెచ్చి వదిలిన పక్షి, దానికి ఉన్నంత మోజు ఇక్కడి సొంత కౌజుకి లేదు, 1966 నుంచి చేస్తున్న పక్షుల లెక్కల్లో బాబ్‌వైట్ 80 శాతం పైగా తగ్గిపోయింది. అసలు పెద్ద ఎత్తున గడ్డిని నిలిపింది 1985 ఫార్మ్ బిల్లులో (అమెరికా వ్యవసాయ చట్టం) వచ్చిన సీఆర్‌పీ, అంటే కన్సర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్, పదీ పదిహేనేళ్ళు పంట వేయకుండా గడ్డి ఉంచితే ప్రభుత్వం రైతుకి అద్దె కడుతుంది. 2007లో అది 3.6 కోట్ల ఎకరాలు దాటింది, మొక్కజొన్న ధర పెరిగేసరికి రైతులు మళ్ళీ దున్నేశారు, 2014 బిల్లులో పరిమితి 2.4 కోట్లకి దించారు. రైతుని తప్పు పట్టలేం, అద్దెకంటే పంట ఎక్కువిస్తే ఎవరైనా దున్నుతారు.

మీరు చేయాల్సిన మొదటి పని కౌంటీలో ఎన్ఆర్‌సీఎస్ (నేల, నీటి సంరక్షణ చూసే వ్యవసాయ శాఖ విభాగం) ఆఫీసుకి వెళ్ళడం. సీడార్ నరకడం, కాల్చడం, గడ్డి విత్తనం లాంటివాటికి ఖర్చులో కొంత ఇచ్చే పథకాలు ఉన్నాయి, చాలా చోట్ల ఫెజెంట్స్ ఫరెవర్ అనే పక్షి సంరక్షణ సంస్థ వాళ్ళ బయాలజిస్టు కూడా అదే ఆఫీసులో కూర్చుంటారు, పొలానికి వచ్చి చూస్తారు, డబ్బు తీసుకోరు. ఏప్రిల్ మధ్య నుంచి జులై మధ్య దాకా గూళ్ళ కాలం, అప్పుడు ట్రాక్టరుతో గడ్డి కోయకండి, పెట్ట గుడ్ల మీద నుంచి కదలదు. హెచ్-1బి మీద ఉండి వేటకి వెళ్దామనుకుంటే ముందు లాయర్ని అడగండి, ఆ వీసాలో తుపాకీ దగ్గర ఉంచుకోవడం మామూలుగా నిషేధం, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. ఇదంతా అమెరికా సంగతి, ఇండియాలో వేటని నిషేధించే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, ఇక్కడ చూసి అక్కడ ఎవరూ ప్రయత్నించకండి.

విత్తనం కొనేముందు ఒక్క పని మాత్రం చేయండి. ఈ అక్టోబరులో గాలి లేని ఒక తెల్లవారుజామున, ఇంకా చీకటిగా ఉండగానే వెళ్ళి పొలం మధ్యలో ముప్పావు గంట కదలకుండా నిలబడండి. పక్క పొలంలో ఒక గుంపు ఉన్నా ఆ కూత మీ దాకా వస్తుంది. ఏ దిక్కు నుంచి వచ్చిందో ఆ వైపు కంచె దగ్గర నుంచే బ్రోమ్ తీయడం మొదలుపెట్టండి.