చెల్లికి బైపోలార్ ఉందని దాచి పెళ్లి చేయొచ్చా?

చెల్లికి బైపోలార్ (అతి హుషారు, తీవ్రమైన దిగులు మార్చి మార్చి వచ్చే మానసిక జబ్బు) అని తేలిందని, మందులతో బాగానే ఉంటోందని రాశారు. చుట్టాలకు తెలిస్తే సంబంధాలు రావని ఇంట్లో భయపడుతున్నారు, పెళ్లి కాగానే మందులు ఆపేయిద్దాం అంటున్నారు, వాళ్లకు ఎలా నచ్చజెప్పాలి అని మీ ప్రశ్న. మా తమ్ముడిదీ ఇదే జబ్బు. మా ఇంట్లోనూ చాలాకాలం దాచారు కాబట్టి రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. డాక్టరును అడగకుండా మందులు మాత్రం ఆపనివ్వకండి. మిగతావన్నీ మెల్లగా మాట్లాడుకోవచ్చు.

తమ్ముడు బీటెక్‌లో ఉండగా ఉన్నట్టుండి నిద్ర మానేశాడు. తెల్లవార్లూ మాట్లాడేవాడు, ఏదో కంపెనీ పెడతానని కనపడినవాళ్లందరినీ అప్పు అడిగేవాడు. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. మానసిక వైద్యుడికి చూపిద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. "ఎర్రగడ్డ కేసు అని ఊరంతా ముద్ర వేస్తారు, వాడి బతుకేం కాను?" అన్నారు. చివరికి ఖమ్మంలో చూపించాం. లిథియం అనే మందు మొదలుపెట్టారు, వాడు కుదుటపడ్డాడు.

జబ్బు అదుపులోకి వచ్చింది, దాచే పని మాత్రం అప్పుడే మొదలైంది. అమ్మ మాత్రలన్నీ షీటులోంచి వలిచి ఖాళీ బి-కాంప్లెక్స్ డబ్బాలో పోసేది. డాక్టరు చీటీ బీరువాలో చీరల కింద పరిచిన పేపరు అడుగున ఉండేది. ఖమ్మం ఎందుకెళ్తున్నారని ఎవరైనా అడిగితే కళ్ల డాక్టరు దగ్గరికి అని చెప్పాలి. తమ్ముడు కూడా అదే చెప్పాలి. తన ఆరోగ్యం గురించి తనే అబద్ధం చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ వాడి ముఖం వాడిపోయేది.

ఒక ఎండాకాలం మా పెదనాన్న గారింట పెళ్లిలో పందిరి దగ్గర వాడి కాలు మడతపడి మోకాలు వాచింది. ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి, ఇంకేమైనా మందులు వాడుతున్నాడా అని అడిగారు. చుట్టూ అంతా చుట్టాలే. అమ్మ ఒకసారి అందరి వంకా చూసి, "ఏవో బలం బిళ్లలండీ" అంది. ఆయన నొప్పి మాత్రలు ఇచ్చి వెళ్లారు. కొద్ది రోజుల్లోనే తమ్ముడి చేతులు టీ గ్లాసు కూడా పట్టుకోలేనంతగా వణకడం మొదలైంది. వాంతులు, తూలుతూ నడక, మాట ముద్దముద్దగా వస్తోంది. తాగుతున్నాడేమో అని అప్పుడే గుసగుసలు. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే లిథియం మోతాదు మించిపోయింది. ఈ మందు మూత్రపిండాల ద్వారా బయటికి పోవాలి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు దాన్ని పోనివ్వవు, ఎండకు ఒంట్లో నీళ్లు తగ్గితే ఇంకా ప్రమాదం. సెలైన్ పెట్టి, లిథియం కొన్నాళ్లు ఆపి, వాణ్ణి గట్టెక్కించారు. అంత ప్రాణభయం ఒక్క నిజం చెబితే తప్పిపోయేది.

ఆ తర్వాత నాన్నే బాబాయిలను ఇంటికి పిలిచి జబ్బు పేరు, మందు పేరు, వాడికి ఏం ఇవ్వకూడదో అన్నీ చెప్పారు. అందరూ అక్కున చేర్చుకున్నారని చెప్పను. ఒక అత్తయ్య ఇప్పటికీ శుభకార్యాలకు వాణ్ణి తప్ప మా అందరినీ పిలుస్తుంది. నాకు దానికి ఇప్పటికీ కడుపు మండుతుంది. కానీ తర్వాత ఒకసారి తమ్ముడు చిన్న బాబాయి దగ్గర ఉన్నప్పుడు, "వీడు రెండు రాత్రులుగా నిద్రపోలేదు, మాట కూడా వేగం పెరిగింది, డాక్టరుకు ఫోన్ చెయ్యమ్మా" అని ఆయనే నాకు చెప్పారు. మందు సర్దుబాటుతో సరిపోయింది, ఆసుపత్రిలో చేర్చాల్సిన అవసరం రాలేదు. తెలియకపోతే ఆయన కూడా కుర్రాడు హుషారుగా ఉన్నాడనుకునేవారు.

మీ చెల్లి విషయంలో దాచడం ఇంకా ప్రమాదం. బైపోలార్‌కు వాడే వాల్‌ప్రోయేట్ అనే మందు గర్భంలో బిడ్డకు తీవ్రమైన హాని చేయగలదు. ఆమె ఏం వాడుతోందో చూసి, పెళ్లి మాటల కంటే ముందే డాక్టరుతో మాట్లాడండి. అవసరమైతే మందు మార్చడానికి టైం కావాలి. ప్రసవమైన తర్వాతి వారాల్లో ఈ జబ్బు తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ. అప్పుడు పక్కన ఉండేది భర్త, అత్తగారు. వాళ్లకు ఏమీ తెలియకపోతే ఆ అమ్మాయిని ఎవరు గమనిస్తారు?

చట్టం సంగతి కూడా ఇంట్లో చెప్పండి. 1955 హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద, ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారని రుజువైతే పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. జబ్బు అదుపులో ఉండి, మందులు వాడుకుంటున్నంత మాత్రాన పెళ్లికి పనికిరాదని చట్టం అనదు. నిజం చెప్పి చేసిన పెళ్లిలో ఆమెకు ఆ భయం ఉండదు. తమ్ముడికి వచ్చిన సంబంధాలు కొన్ని ఈ మాట చెప్పగానే ఆగిపోయాయి, అమ్మ చాలా ఏడ్చింది. వాడికి ఇంకా పెళ్లి కాలేదు. ఉద్యోగం చేసుకుంటున్నాడు, తన మాత్రలు తనే అందరి ముందూ వేసుకుంటాడు.

ఊరంతా చాటమని నేననడం లేదు. ఒకే కప్పు కింద ఉండేవాళ్లకు, అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సినవాళ్లకు తెలిస్తే చాలు. ఎవరికి చెప్పాలో మీ చెల్లినే అడగండి. డాక్టరు ద్వారా బయటికి పొక్కుతుందేమో అని మీవాళ్లకు ఉంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత అని చెప్పండి. ఆసుపత్రి గడప తొక్కేది లేదని వాళ్లంటే 14416కు ఫోన్ చేయించండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఈసారి చెల్లిని డాక్టరుకు చూపించేటప్పుడు అమ్మానాన్నల్లో ఒకరినైనా వెంట తీసుకెళ్లండి. పెళ్లయ్యాక మందులు ఆపొచ్చా అన్న ప్రశ్న వాళ్ల నోటితోనే అడగనివ్వండి.