బరువులో తేడా, ఆవేశంలో సమానం

ప్రశ్న: ప్రోటాన్ ఎలక్ట్రాన్ కంటే దాదాపు 1,836 రెట్లు బరువైనదని చదువుకున్నాం. అంత తేడా ఉన్నా వాటి విద్యుదావేశాలు సమానంగా ఎలా ఉంటాయి? ప్రోటాన్ లోపలుండే క్వార్కులనే కణాలకు ఆవేశం వంతుల్లో ఉంటుందంటారు. మరి ఎలక్ట్రాన్ ఆవేశమే అతి చిన్నదనడం సరైనదేనా?

జవాబు: బరువు పెరిగితే ఆవేశమూ పెరగాలన్న ఊహ సహజమే గాని, ప్రకృతిలో ఆ రెంటికీ అలాంటి ముడి లేదు. మ్యూయాన్ అనే మరో కణం ఎలక్ట్రాన్ కంటే సుమారు 207 రెట్లు బరువైనది, అయినా దాని ఆవేశం అచ్చంగా ఎలక్ట్రాన్ ఆవేశమే. న్యూట్రాన్ ప్రోటాన్ కన్నా కాస్త బరువే, ఆవేశం మాత్రం సున్న.

ఆవేశం ఎంతపడితే అంత ఉండదని, విడివిడి మోతాదులుగానే వస్తుందని స్పష్టంగా చూపినది భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ మిల్లికన్ 1909లో మొదలుపెట్టిన నూనె చుక్కల ప్రయోగం. రెండు లోహపు పలకల మధ్య మెల్లగా దిగుతున్న కంటికానని నూనె తుంపర, పక్కనుంచి వెలుతురు పడినప్పుడు దూరదర్శినిలో చిన్న నక్షత్రంలా మెరుస్తుంది. పలకలకు విద్యుత్తు కలిపితే అదే చుక్క పైకి ఎక్కుతుంది. అలా ఎక్కుతూ ఎక్కుతూ, గాలిలోని ఒక అయాన్‌ను (ఆవేశమున్న కణాన్ని) పట్టుకోగానే, ఉన్నట్టుండి వేగం మార్చుకుంటుంది. ఆ మార్పులను లెక్కగడితే ప్రతిసారీ ఆవేశంలో వచ్చిన తేడా ఒకే అంకెకు పూర్ణాంక గుణిజంగా తేలింది. ఆయన తీసుకున్న గాలి స్నిగ్ధత (చుక్క కదలికకు గాలి అడ్డుపడే గుణం) విలువ కొంచెం తప్పు కావడంతో ఫలితం సుమారు అర శాతం తగ్గింది గాని, అసలు విషయం చెక్కుచెదరలేదు. 2019 నుంచి ఆ మోతాదును 1.602176634 × 10⁻¹⁹ కులూంబులుగా ఖాయం చేశారు. ఒక ఆంపియర్ విద్యుత్తు పారే తీగలో ఒక చోటును సెకనుకు సుమారు 62 వేల కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు దాటాలంటే, ఇది ఎంత చిన్నదో ఊహించవచ్చు.

ఇక క్వార్కులు. అప్ క్వార్క్ ఆవేశం ఈ మోతాదులో +2/3 వంతు, డౌన్ క్వార్క్‌ది −1/3 వంతు. రెండు అప్‌లు, ఒక డౌన్ కలిస్తే ప్రోటాన్, అంటే +1. ఒక అప్, రెండు డౌన్‌లు కలిస్తే న్యూట్రాన్, అంటే సున్న. అయితే క్వార్క్ ఏనాడూ ఒంటరిగా బయటపడలేదు. కనుక విడిగా దొరికే కణాల వరకు ఎలక్ట్రాన్ ఆవేశమే అతి చిన్నదన్న మాట సరైనదే.

సమానత్వం సంగతికి వస్తే, విడిగా ఉన్న న్యూట్రాన్ ప్రోటాన్‌గా, ఎలక్ట్రాన్‌గా, ఆవేశం లేని ఒక యాంటీన్యూట్రినోగా విడిపోతుంది. మొత్తం ఆవేశం మారరాదు కాబట్టి ప్రోటాన్, ఎలక్ట్రాన్ ఆవేశాలు ఒకదానినొకటి పూర్తిగా రద్దు చేసుకోక తప్పదు. న్యూట్రాన్ ఆవేశం ఖచ్చితంగా సున్నే ఎందుకు కావాలన్న ప్రశ్న మిగులుతుంది. దానికి అందరూ ఒప్పుకున్న సమాధానం భౌతికశాస్త్రంలో ఇంకా రాలేదు. ప్రయోగాలలో మాత్రం, ప్రోటాన్, ఎలక్ట్రాన్ ఆవేశాల పరిమాణాలలో తేడా ఉన్నా అది కోటి కోట్ల కోట్లలో ఒక వంతుకు మించదని తేలింది. అది పదివేల కోట్ల కోట్లలో రెండు వంతులున్నా చాలు, హైడ్రోజన్ పరమాణువుల మధ్య విద్యుత్ వికర్షణ వాటి గురుత్వాకర్షణను మించిపోయేది. అప్పుడు ఆ వాయువు ఒకచోట గుమిగూడి నక్షత్రంగా మారడానికి వీలే ఉండేది కాదు.