ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్ అవ్వాలంటే సీఐటీఎస్ చెయ్యాలా?

ఫిట్టర్ ఐటీఐ, ఆపైన డిప్లొమా, ఫ్యాక్టరీలో రెండేళ్ల పని ఉన్నాక కూడా పాఠం చెప్పడానికి ఇంకో ఏడాది సీఐటీఎస్ (ఐటీఐలో ఎలా నేర్పాలో ఇన్‌స్ట్రక్టర్లకి నేర్పే కోర్సు) ఎందుకని మీరు అడిగారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఇప్పుడైతే తప్పకుండా చెయ్యమనే చెప్తాను.

ఒంగోలు దగ్గర ఒక ప్రైవేటు ఐటీఐలో చేరిన రోజే నాకు 20 మంది పిల్లల్ని అప్పగించారు. ఎలా నేర్పాలో చెప్పినవాళ్లు లేరు. ఒక అబ్బాయి ఎంత ఫైలింగ్ చేసినా, అంటే ఆకురాయితో ఎంత రుద్దినా, ఇనుప ముక్క మధ్యలో ఉబ్బి, అంచులు దిగిపోయేవి. ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి వెలుతురుకి పెడితే రెండు పక్కలా సందు కనపడేది. "సరిగ్గా రుద్దరా" అనడం తప్ప నాకు ఇంకో మాట తెలియదు. మూడేళ్లు అదే చెప్పాను.

తర్వాత హైదరాబాద్ విద్యానగర్ ఎన్‌ఎస్‌టీఐలో (సీఐటీఎస్ నడిపే కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ) సీటు వచ్చింది. ట్రైనింగ్ మెథడాలజీ క్లాసులో నా డెమో మధ్యలో సార్ ఆపి, "వైస్ ఎత్తు చూశావా?" అన్నారు. ముక్కని బిగించి పట్టే వైస్ పైభాగం మోచేతి ఎత్తుకి రావాలి. పొట్టి పిల్లాడైతే భుజాలు ఎత్తి రుద్దుతాడు, ఫైల్ ఊగుతుంది, అంచులు పోతాయి. మా అబ్బాయికి కాళ్ల కింద ఒక చెక్క వేస్తే సరిపోయేది. అప్పటికే వాడు మానేశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తిరిగొచ్చాక మొదట చేసిన పని, ప్యాకింగ్ చెక్కలతో నాలుగు పీటలు కొట్టించడం.

రూల్ సంగతికొస్తే, ఫిట్టర్ సిలబస్‌లోనే ఉంది: డిప్లొమాకి రెండేళ్లు, ఐటీఐ సర్టిఫికెట్‌కి మూడేళ్లు అనుభవం, ఇద్దరికీ సీఐటీఎస్ సర్టిఫికెట్.

కానీ ఒక్కసారి చేస్తే జీవితాంతం సరిపోదు. ఒక వేసవిలో చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో రెండు వారాలు మెయింటెనెన్స్ వాళ్లతో తిరిగాను. అక్కడ బేరింగులోకి నీళ్లు, దుమ్ము పోకుండా ఆపే సీల్ పాడైతే రాతి బురద నీళ్లు లోపలికి పోయి బేరింగు తొందరగా అరిగిపోతుంది. నేను బేరింగు ఎక్కించడం నేర్పాను గానీ, సీల్ గురించి రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు. మన పిల్లలు ఎక్కువమంది వెళ్లేది అలాంటి చోట్లకే. ఇన్‌స్ట్రక్టర్లని ఏటా కొన్ని రోజులు జీతంతో ఫ్యాక్టరీకి పంపాలి. ఇప్పుడు సొంత సెలవు పెట్టుకుని వెళ్లాల్సి వస్తోంది.

సీటు వచ్చేలోపు, మీరు చేసే ప్రతి రిపేరూ ఒక నోటుబుక్కులో రాసుకోండి: ఏ భాగం పోయింది, ఎందుకు పోయింది, ఎలా బాగుచేశారు. సీఐటీఎస్‌లో లెసన్ ప్లాన్ రాసేటప్పుడు అవే పనికొస్తాయి.