చేను గట్టు మీద హోమాలజీ

ప్రశ్న: సార్, మాది అనంతపురం దగ్గర పల్లె. ఎమ్మెస్సీ మ్యాథ్స్ అయిపోయింది, పగలు ట్యూషన్లు చెప్పుకుంటా రాత్రిపూట ఫోన్లో ఆల్జీబ్రాయిక్ టోపాలజీ (ఆకారాల్ని ఆల్జీబ్రాతో చదివే గణితం) రికార్డెడ్ క్లాసులు వింటున్నా. ఫండమెంటల్ గ్రూప్ దాకా బాగానే వచ్చింది, ఆకారంలో రంధ్రాల్ని లెక్కతో పట్టే హోమాలజీ మొదలయ్యాక మాత్రం వింటున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది, నోటు తీస్తే ఒక్క లెక్కా కదలదు. మళ్లీ మొదట్నుంచి వినాలా?

జవాబు: వద్దు నాయనా, విన్నది చాలు, ఇంక చేతికి పని చెప్పు.

శెనక్కాయ చేను గట్టెంబడి ఒక చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చావనుకో, అది సైకిల్. లోపలంతా చేనే అయితే ఆ చుట్టు చేనికి హద్దు, అంటే బౌండరీ, కాబట్టి హోమాలజీలో సున్నా కిందే లెక్క. అదే చేను మధ్యలో బావి ఉంటే, బావి చుట్టూ తిరిగిన చుట్టు ఒక్కటే తీసుకుంటే అది ఏ నేల ముక్కకీ పూర్తి హద్దు కాదు, సున్నా కాకుండా మిగిలిపోతుంది. అట్లా మిగిలేదాన్నే హెచ్ వన్ అంటారు.

బౌండరీకి బౌండరీ సున్నా అనే లైను క్లాసులో నిమిషంలో దాటిపోతుంది. అక్కడ పాజ్ కొట్టి క, ఖ, గ మూలలున్న త్రిభుజం గీయి. త్రిభుజానికి బౌండరీ దాని మూడు అంచులు, ఒక్కో అంచుకి బౌండరీ చివరి మూలలోంచి మొదటి మూల తీసేస్తే వచ్చేది: (ఖ−క), (గ−ఖ), (క−గ), కూడితే అన్నీ కొట్టుకుపోతాయి. ఇది నీ పెన్నుతోనే జరగాలి, చూస్తే రాదు.

తర్వాత లోపల బోలుగా ఉన్న టెట్రాహెడ్రన్ (నాలుగు త్రిభుజాలు అతికించిన ఆకారం) పట్టుకో, 4 మూలలు, 6 అంచులు, 4 ముఖాలు. బౌండరీ మ్యాట్రిక్సులు రెండూ (అంచుల నుంచి మూలలకి ఒకటి, ముఖాల నుంచి అంచులకి ఒకటి) పూర్తిగా రాసి ర్యాంకులు తియ్యి, రెండిటికీ 3 వస్తుంది. హెచ్ వన్ అంటే అంచుల్లోంచి రెండు ర్యాంకులూ తీసేసి 6−3−3, సున్నా. హెచ్ టూ అంటే ముఖాల్లోంచి రెండో ర్యాంకు తీసేసి 4−3, ఒకటి, లోపలి బోలు అదే. నాకైతే హోమాలజీ నిజంగా అర్థమైంది ఈ లెక్క దగ్గరే.

ఫ్రెంచ్ గణితజ్ఞుడు పాయింకరే 1895లో ఈ సబ్జెక్టు మొదలుపెట్టాడు, అప్పట్లో ఎక్కువగా బెట్టి సంఖ్యల్లోనే (ఎన్ని రంధ్రాలున్నాయో చెప్పే లెక్కలు) మాట్లాడేవాళ్లు, 1920లలో జర్మన్ గణితజ్ఞురాలు ఎమ్మీ నోథర్ వాటిని గ్రూపులుగా చూడమంది. ఎందుకో ప్రొజెక్టివ్ ప్లేన్ (గోళం మీద ఎదురెదురు బిందువుల్ని ఒకటిగా అతికిస్తే వచ్చే తలం) దగ్గర తెలుస్తుంది. దాని బెట్టి సంఖ్యలు ఒక్క బిందువుకున్నట్టే ఉంటాయి, కానీ అక్కడ ఒకసారి తిరిగితే బౌండరీ కాని చుట్టు రెండుసార్లు తిరిగితే బౌండరీ అయిపోతుంది, గ్రూప్ రాస్తేనే అది కనపడేది.

టెట్రాహెడ్రన్ లెక్కలో ప్లస్సు మైనస్సులు తప్పుతుంటే నోటు పేజీ ఫోటో తీసి పంపు, యాడ తప్పిందో చూసి చెప్తా.