మూడేళ్ల ఫ్రైబెర్గర్ టెస్ట్ మార్కులు నమ్మొచ్చా?

పిల్లల స్వారీకి 3 ఏళ్ల ఫ్రైబెర్గర్ (స్విస్ జాతి గుర్రం) కొనాలనుకుంటున్నాను, ఫీల్డ్ టెస్టులో (ఈ జాతి కుర్ర గుర్రాలకు పెట్టే పరీక్షలో) మార్కులు బాగున్నాయి, అవి సరిపోతాయా అని ఒకరు అడిగారు. మార్కుల్ని నమ్మొచ్చు, కానీ మొత్తం మార్కులు ఒక్కటే చూడకండి. స్విట్జర్లాండ్‌లోని జూరా కొండల ఈ గుర్రాలు పొలం దున్నాయి, సైన్యానికి బరువులు మోశాయి. అందుకే టెస్టులో స్వారీతోపాటు బండి లాగడం కూడా చూస్తారు. శరీర నిర్మాణానికి, నడకలకు విడిగా మార్కులుంటాయి. మీకు ముఖ్యం స్వారీ, ప్రవర్తన. జీను వేసేటప్పుడు, గిట్టలు ఎత్తేటప్పుడు నిమ్మళంగా నిలబడుతుందా అన్నది స్వయంగా చూడండి. స్విట్జర్లాండ్‌లోని అవాంష్ పట్టణంలో జరిగే 40 రోజుల పరీక్ష సంతానోత్పత్తికి ఎంపికైన మగ గుర్రాలకు. అది లేదని టెన్షన్ వద్దు. పిల్లలు కొత్తగా నేర్చుకుంటుంటే మాత్రం, ఎంత నెమ్మదైన జాతైనా 3 ఏళ్ల గుర్రం వద్దు. అనుభవమున్న పెద్ద గుర్రాన్నే తీసుకోండి.