‘పాజిటివ్‌గా ఆలోచించు’ అంటే నావల్ల కావట్లేదు!

ప్రశ్న: నా వయసు 24. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ మూడేళ్లుగా గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. ఈసారీ కొద్ది మార్కుల్లో పోయింది. ఇంటి నుంచి ఫోన్ వస్తే చాలు, గుండె దడ. రాత్రయితే దిగులు. అందరూ పాజిటివ్‌గా ఆలోచించమంటారు. నాకు చేతకావట్లేదు. ఏం చేయాలి?

జవాబు: చేతకాకపోవడంలో మీ తప్పేం లేదు. లోపల ‘నేను దేనికీ పనికిరాను’ అనిపిస్తుంటే, పైకి ‘అంతా మన మంచికే’ అనుకున్నా మనసు నమ్మదు. దానికంటే, జరిగినదానికి మీరిచ్చుకున్న అర్థాన్ని మళ్లీ బేరీజు వేసుకోండి. మేం దీన్ని రీఅప్రైజల్ అంటాం. 1960ల్లో అమెరికన్ సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీకి, అంటే ఆలోచనల తీరును సరిచేసే చికిత్సకు, ఆయువుపట్టు ఇదే.

ఫోన్ మోగింది, తెర మీద ‘అమ్మ’ అని ఉంది. ‘రిజల్ట్ అడుగుతుంది, నా పరువు పోయింది’ అన్న ఆలోచన మెరుపులా వచ్చిపోతుంది. దడ పుట్టించేది అదే. దాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టండి. పోయిన పది ఫోన్లలో అమ్మ రిజల్ట్ ఎన్నిసార్లు అడిగింది, ‘తిన్నావా’ అని ఎన్నిసార్లు అడిగింది? అదీ రాయండి. మీ రూమ్మేట్‌కు ఇలాగే పోతే వాణ్ని పనికిరానివాడా అంటారా? వాడికి చెప్పే మాటే మీ పేరుతో మీకు చెప్పుకోండి. అది తియ్యగా ఉండక్కర్లేదు, మీరు నమ్మేలా ఉంటే చాలు. ‘పరీక్ష పోయింది, బాధగానే ఉంది. చదివింది మాత్రం ఎక్కడికీ పోలేదు’ అన్నా సరే.

దడ తారస్థాయిలో ఉన్నప్పుడు మాత్రం కాగితం జోలికి పోవద్దు. బుర్ర అప్పుడు ఎవరి మాటా వినదు, మీ మాట కూడా! కాసేపు నడవండి, ఊపిరి నెమ్మదిగా వదలండి. తర్వాత రాయొచ్చు.

అన్నింటికీ ఇదే మందు అనుకోకండి. నాలుగు గంటలే నిద్రపోతుంటే ముందు నిద్ర సరిచేసుకోవాలి. ఇంకెన్నాళ్లు ప్రిపేర్ అవ్వాలి, ఈలోగా చిన్న ఉద్యోగం చూసుకోవాలా అన్నది ఇంట్లోవాళ్లతో కూర్చుని లెక్క తేల్చుకోవాల్సిన సంగతి. అక్కడ మనసుకు సర్దిచెప్పుకుంటూ పోతే సమస్య అలాగే ఉండిపోతుంది.

దిగులు దాదాపు రోజంతా ఉంటూ రెండు వారాలు దాటినా, నిద్ర, ఆకలి దెబ్బతిన్నా సైకియాట్రిస్ట్‌ను కలవండి. కొందరికి థెరపీతోపాటు మందులూ కావాలి. చచ్చిపోవాలనిపిస్తే రెండు వారాలు చూద్దామనుకోవద్దు. వెంటనే రూమ్మేట్‌కు చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేం పడవు.